మన ఇంటి గదిలో స్క్రీన్ రికార్డింగ్: మైకు, వెబ్‌క్యామ్ అమర్చుకునే పద్ధతి

స్క్రీన్ రికార్డింగ్ గురించి దొరికే సలహాల్లో చాలావరకు తివాచీ పరిచి, దళసరి పరదాలు కట్టి, ఏసీ బిగించిన గదులను మనసులో పెట్టుకుని చెప్పినవే. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో పరిస్థితి వేరు. పైన స్లాబు, కింద షాబాద్ బండలు, ఓ మూల ఇనుప బీరువా, నెత్తిమీద ఫ్యాను, గోడకు ట్యూబులైటు, ప్లగ్గులో ఎర్తింగ్ ఉందో లేదో ఇంటి యజమానికే తెలియని వైరింగ్. ఇలాంటి గదిలో పదివేల రూపాయల మైకు పెట్టినా గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ గదితో మొదలుపెట్టి, మైకు సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే కెమెరా దగ్గరికి వెళదాం.

ఇంటర్ లెక్కలు చెప్పే మాస్టార్లు, గ్రూప్స్ అభ్యర్థులకు తరగతులు చెప్పేవాళ్లు, ట్యాలీ, ఎక్సెల్ నేర్పేవాళ్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే పద్ధతి చూపించేవాళ్లు, వీళ్లందరికీ కావలసింది దాదాపు ఒకటే. తెర స్పష్టంగా కనిపించాలి, మూలన ముఖం కనిపించాలి, మాట అలసట లేకుండా వినిపించాలి. చూసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోను. ఆ తెర మూలన మీ ముఖం బొటనవేలంత కూడా ఉండదు. గొంతు మాత్రం పాఠం పొడవునా చెవిలోనే ఉంటుంది. ఖర్చు, శ్రమ రెండూ ఆ లెక్కనే పంచుకోండి.

ముందు గది

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరచండి. చప్పుడు ఆగాక సన్నటి మోత ఏదైనా మిగిలితే, రికార్డింగులో ప్రతి మాట వెనకా వినిపించబోయే ప్రతిధ్వని అదే. ఇంట్లోని గదులన్నింటిలోనూ ఇలా చేసి చూడండి. సాధారణంగా హాలు ఓడిపోతుంది. పరుపు, దిండ్లు, దండేనికి వేలాడే బట్టలు ఉన్న పడకగది నెగ్గుతుంది. చుట్టాలను కూర్చోబెట్టే గది పాఠానికి పనికిరాకపోవడం చాలా ఇళ్లలో ఉన్నదే.

బండలు, స్లాబు, సున్నం గోడలు శబ్దాన్ని మింగవు, తిప్పికొడతాయి. దాన్ని మింగడానికి మందంగా, వదులుగా ఉన్న నూలు గుడ్డో, ఉన్ని గుడ్డో కావాలి. పలుచటి కిటికీ పరదాలు ఇందుకు దాదాపు పనికిరావు. పాత చీరలతో కుట్టిన బొంత బాగా పనిచేస్తుంది. దానికంటే మేలైనది పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ కనిపించే గొంగడి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో కురుమలు నేసే ఆ గొంగడిని గోడకు అంటించకుండా, మధ్యలో జానెడు ఖాళీ వదిలి తాడు మీద వేలాడదీయండి. ఆ ఖాళీ వల్ల కాస్త లోతైన స్వరాలు కూడా తగ్గుతాయి. ఎక్కడ వేలాడదీయాలన్నది ముఖ్యం. మైకు మీ వైపు చూస్తుంటుంది కాబట్టి, దానికి ఎదురుగా పడేది మీ వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని. మొదటి గొంగడి అక్కడ. రెండోది దొరికితే మీ ముందు, కంప్యూటర్ వెనక గోడకు. నేలమీద చాప చాలదు, జంపఖానా రెండు మడతలు వేసి పరవండి.

ఇనుప బీరువా విడిగా ఒక సమస్య. దాని తలుపు మీద వేలితో కొడితే ఎలా మోగుతుందో, మీ గొంతులోని కొన్ని స్వరాలకు కూడా అలాగే మోగుతుంది. ముందు ఒక దుప్పటి వేలాడదీస్తే ఆ మోత చచ్చిపోతుంది. తాళంచెవుల గుత్తి దానికే వేలాడుతుంటే తీసి పక్కన పెట్టండి.

ఫ్యాను సంగతి మన దగ్గర వేళాకోళం కాదు. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలు. ఫ్యాను ఆపి గంటసేపు పాఠం చెప్పమని సలహా ఇచ్చేవాడు ఎండాకాలం ఈ ఊరు చూసి ఉండడు. ఫ్యాను నుంచి వచ్చేవి రెండు రకాల చప్పుళ్లని తెలిస్తే సగం దారి దొరుకుతుంది. ఒకటి మోటారు, రెక్కల ఎడతెగని హోరు. ఇది ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని చాలావరకు తీసేయగలదు. రెండోది గాలి నేరుగా మైకును తాకినప్పుడు వచ్చే దడదడ. ఇది క్షణానికొక తీరుగా ఉంటుంది, ఏ ఫిల్టరూ దాన్ని శుభ్రంగా తీయలేదు. కాబట్టి సీలింగ్ ఫ్యాను ఆపి, టేబుల్ ఫ్యానును తక్కువ వేగంలో పెట్టి, గాలి నడుము కింద తగిలేలా తిప్పుకోండి. మైకు మీద స్పాంజి తొడుగు ఉంచండి. పాఠాన్ని పది, పన్నెండు నిమిషాల ముక్కలుగా చెబితే మధ్యలో ఫ్యాను వేసుకుని చెమట ఆరబెట్టుకోవచ్చు. చూసే పిల్లలకు కూడా ఆ నిడివే అనుకూలం. కూలరు మాత్రం ఏ వేగంలోనూ వద్దు.

రేకుల ఇంట్లో ఉంటే వాన మొదలయ్యాక రికార్డింగ్ మానుకోండి. దానికి మందు లేదు.

ఏ మైకు కొనాలి

ల్యాప్‌టాప్‌లో ఉన్న మైకు మీ నోటికి మూరెడు దూరంలో, కీబోర్డుకు ఆనుకుని, లోపలి ఫ్యానుకు పొరుగున ఉంటుంది. ‘ఎంటర్’ నొక్కిన ప్రతిసారీ పిడుగు పడినట్టే. అది పాఠాలకు పనికిరాదు.

ఫోనుతో వాడే తీగ ఇయర్‌ఫోన్ ఇంట్లో ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. దాని మైకు నోటికి దగ్గరగా వేలాడుతుంది, ఆ ఒక్క గుణంతోనే ఖరీదైన వాటికంటే మెరుగైన ఫలితం ఇవ్వగలదు. చొక్కాకు రాసుకోకుండా క్లిప్పు పెట్టుకుంటే చాలు. డబ్బు పెట్టదలచుకుంటే ముందు చొక్కా పట్టీకి తగిలించుకునే తీగ మైకు కొనండి. బోయా బీవై-ఎం1 వంటివి ఏళ్ల తరబడి మన యూట్యూబు మాస్టార్ల మెడలో కనిపిస్తున్నాయంటే కారణం ఉంది: ఆరు మీటర్ల తీగ, తక్కువ ధర, నోటికి జానెడు దూరంలో స్థిరమైన చోటు. దాని తీగమీద ఉన్న చిన్న డబ్బాలో ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీ, ఫోనుకూ కెమెరాకూ మార్చే మీట ఉంటాయి. మీట తప్పు వైపు ఉంటే మైకు పాడైందని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లేవాళ్లు ఉన్నారు, ముందు దాన్ని చూడండి.

దాని పిన్నుకు మూడు నల్ల గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. హెడ్‌ఫోన్, మైకు రెండూ ఒకే రంధ్రంలో కలిసి ఉన్న ల్యాప్‌టాప్‌కు నేరుగా సరిపోతుంది. పాత డెస్క్‌టాప్‌లో గులాబీ రంగు రంధ్రం మైకుకు, ఆకుపచ్చది స్పీకరుకు విడివిడిగా ఉంటాయి. వాటికి ఒక చిన్న స్ప్లిట్టర్ తీగ కావాలి. అంతకంటే మంచి దారి యూఎస్‌బీ సౌండ్ కార్డు. బొటనవేలంత ఉంటుంది, కంప్యూటర్ లోపలి గరగర దాంట్లోకి రాదు.

బల్లమీద దర్జాగా నిలబడే యూఎస్‌బీ కండెన్సర్ మైకు చూడగానే కొనబుద్ధవుతుంది. చప్పట్ల పరీక్షలో గది నెగ్గకపోతే దాని జోలికి వెళ్లకండి. దాని చెవి చాలా సున్నితం: పక్కింటి కుక్కరు విజిలు, వీధిలో ట్రాక్టరు, గుడి మైకు, స్లాబు ప్రతిధ్వని అన్నీ పట్టుకుంటుంది. డైనమిక్ రకం దూరపు శబ్దాలను అంతగా పట్టదు కానీ, నోటికి బెత్తెడు దూరంలో ఉంటేనే గొంతు నిండుగా వస్తుంది, అంటే ముఖం ముందు అడ్డంగా కనిపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు అసలు వద్దు. మైకు వాడటం మొదలుకాగానే అది ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది, గొంతు ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు పలచబడుతుంది. బోర్డు దగ్గర తిరుగుతూ చెప్పేవాళ్లకైతే యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే వైర్‌లెస్ క్లిప్పు మైకు మంచిదే. కుర్చీలో కూర్చుని చెప్పేవారికి ఆ ఖర్చు అనవసరం.

ఇవన్నీ నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల మొబైల్ దుకాణాల్లో కొన్ని దొరుకుతాయి. నాలుగు రకాలు చేతిలో పట్టుకుని చూడాలంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, వెబ్‌క్యామ్‌లకైతే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్.

జానెడు దూరం

మైకు మూరెడు దూరం నుంచి జానెడు దూరానికి వస్తే, అంటే దూరం సగమైతే, గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది ప్రతిధ్వని మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఫిల్టర్లతో గంటసేపు కుస్తీపడినా రాని తేడా ఇలా ఒక్కసారి జరిపితే వస్తుంది.

క్లిప్పు మైకును చొక్కా రెండో గుండీ దగ్గర, గడ్డానికి జానెడు కింద పెట్టండి. తీగను చొక్కా లోపల ఒక చిన్న ఉచ్చులా మడిచి టేపు వేస్తే, కదిలినప్పుడు లాగినట్టు చప్పుడు రాదు. పట్టుచీర కొంగు, గంజి పెట్టిన ఖద్దరు చొక్కా మైకుకు రాసుకుంటే గరగరలాడతాయి. మంగళసూత్రం గొలుసు, ఐడీ కార్డు తాడు తగలకుండా చూసుకోండి. మీరు పాఠమంతా కుడివైపు తెరను చూస్తూ చెబుతుంటే మైకును కూడా కొంచెం కుడికి జరపాలి.

బల్లమీది మైకైతే నోటికి సూటిగా పెట్టకుండా, పెదవి మూలకు ఎదురుగా ఓ పక్కకు ఉంచండి. తెలుగులో భ, ఫ వంటి ఒత్తక్షరాల గాలి నేరుగా మైకుకు తగిలితే ‘బఫ్’ మని తన్నినట్టు వస్తుంది. పరీక్షించడానికి ‘హలో, మైక్ టెస్టింగ్’ అనడం దండగ. భాగహారం పాఠంలోని మాటలు వరసగా చెప్పి చూడండి: ‘విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం.’ ‘భా’, ‘ఫ’ దగ్గర గాలి దెబ్బ వినిపిస్తే మైకును ఇంకో రెండు వేళ్లు పక్కకు జరపాలి. ‘శేషం’ దగ్గర ఈలలా చెవిని గుచ్చితే కాస్త కిందకు దించాలి. ‘జకం’ చివర గదిలో మోత వేలాడితే గొంగడి పని ఇంకా ఉంది.

బుయ్యిమనే శబ్దం

గది, మైకు అన్నీ సరిగ్గా ఉన్నా వెనకాల సన్నగా ‘బుయ్యి’ మంటుంటే కరెంటును అనుమానించండి. ఛార్జింగులో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు భాగాన్ని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయా? ముట్టుకున్నప్పుడు బుయ్యిమనడం తగ్గుతుందా? అయితే ఎర్తింగ్ లేదు. మూడు పిన్నుల ఛార్జరును రెండు పిన్నుల కన్వర్టర్లో గుచ్చి వాడే అలవాటు ఇందుకు ఒక కారణం, మూడో రంధ్రం ఉన్నా వెనక తీగ కలపకపోవడం మరో కారణం. చాలా ఇళ్లలో ఫ్రిజ్‌కో, మోటారుకో ఎర్త్ ఉన్న సాకెట్ ఒకటి ఉంటుంది, అక్కడ పెట్టి చూడండి. శాశ్వతంగా బాగుచేయడం ఎలక్ట్రీషియన్ పని, అది రికార్డింగ్ కోసం మాత్రమే చేయించాల్సిన పని కూడా కాదు. ప్రస్తుతానికి సులువైన ఉపాయం ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేయడం.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఫ్యాను, ట్యూబులైటు కొత్తగా గుర్రుమంటాయి. స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్‌తో ఇది తప్పదు. ఆ సమయంలో చెప్పిన ముక్కను ముందు చెప్పిన దానికి అతికిస్తే తేడా తెలిసిపోతుంది, ఆగడమే మంచిది. డెస్క్‌టాప్ వాడేవాళ్లు మైకును ముందు ప్యానెల్ రంధ్రంలో గుచ్చకుండా వెనక బోర్డుకు నేరుగా ఉన్నదాంట్లో పెట్టినా గరగర కొంత తగ్గుతుంది.

ఓబీఎస్‌లో ధ్వని

సాఫ్ట్‌వేర్ విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఓబీఎస్ స్టూడియో తెరను, ముఖాన్ని, గొంతును కలిపి రికార్డు చేసే సాఫ్ట్‌వేర్, 2012 నుంచి ఉంది, ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వీడియో మీద వాటర్‌మార్క్ ఉండదు, సమయ పరిమితి ఉండదు. అయితే 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి విండోస్ 7, 8లకు మద్దతు ఆగిపోయింది, కంప్యూటర్ సెంటర్లలోని పాత కంప్యూటర్లు వాడేవాళ్లు ఇది గమనించాలి. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్ కూడా తెరను రికార్డు చేస్తుంది కానీ ముఖాన్ని మూలన కలపదు. స్లయిడ్లు మాత్రమే చూపించేవారికి పవర్‌పాయింట్‌లో ఉన్న రికార్డింగ్ సౌకర్యం కూడా సరిపోవచ్చు.

ముందు విండోస్ వైపు పని. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోన్, కెమెరా రెండింటిలోనూ డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఉందో లేదో చూడండి. ‘ఓబీఎస్‌లో మైకు కనిపిస్తుంది కానీ శబ్దం రాదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. సౌండ్ విభాగంలో మీ మైకును ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. లేకపోతే విండోస్ ఒకసారి, ఓబీఎస్ ఒకసారి శుద్ధి చేసి గొంతును పీల్చి పిప్పి చేస్తాయి.

ఓబీఎస్ సెట్టింగ్స్‌లో ఆడియో విభాగానికి వెళ్లి శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. మైక్ అన్నచోట ‘డిఫాల్ట్’ వదిలేయకుండా మీ మైకు పేరునే ఎంచుకోండి. లేకపోతే ఎప్పుడో హెడ్‌ఫోన్ గుచ్చిన రోజున మైకు చెప్పకుండా మారిపోతుంది. మైకు తగిలించాక గొంతు ఒకే చెవిలో వినిపిస్తే, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఆ మైకు ఎదురుగా మోనో పెట్టెలో టిక్కు పెట్టండి.

ఇప్పుడు శబ్ద స్థాయి. మిక్సర్‌లో పట్టీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో కదులుతుంది. మైనస్ 20 నుంచి మైనస్ 9 డెసిబెల్స్ దాకా పసుపు, ఆపైన ఎరుపు. మామూలు మాట పసుపులో ఆడాలి, గట్టి మాట ఎరుపు గడప తాకి వెనక్కి రావాలి. ఈ స్థాయిని పరీక్ష గొంతుతో పెట్టకండి. పదిమంది పిల్లలు ముందున్నట్టు, చివరి బెంచీకి వినిపించేలా చెప్పి పెట్టండి. మాస్టార్ల గొంతు ఐదు నిమిషాలు గడిచేసరికి తనంతట తానే పైకి లేస్తుంది. సున్నా దాటి చితికిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి అతకలేదు. తక్కువగా ఉన్నదాన్ని పెంచుకోవచ్చు.

మైకు పేరు పక్కన ఫిల్టర్స్‌లోకి వెళ్లి ఈ వరుసలో జోడించండి. మొదట నాయిస్ సప్రెషన్, అందులో ఆర్‌ఎన్‌నాయిస్ పద్ధతి. ఫ్యాను హోరు ఇక్కడే పోతుంది. రెండోది కంప్రెసర్, గట్టి మాటను తగ్గించి గొంతును సమం చేసేది: రేషియో మొదట 10 ఉంటుంది, దాన్ని 3కో 4కో తగ్గించండి, థ్రెషోల్డ్ మైనస్ 18 దగ్గర ఉంచండి. చివర లిమిటర్, శబ్దం ఒక గీత దాటకుండా ఆపేది, మైనస్ 3 దగ్గర. నాయిస్ గేట్ అనేది కూడా ఉంటుంది కానీ పాఠాలకు దాన్ని నేను వాడను. మాట మాటకీ మధ్య గదిని మూసి తెరిచినట్టు చేస్తుంది, నెమ్మదిగా ముగిసే తెలుగు వాక్యాల చివరి అక్షరాలు మింగేస్తుంది.

కీబోర్డు చప్పుడు ఇంకా వస్తుంటే కీబోర్డు కింద మడిచిన తువ్వాలు పెట్టండి.

వెలుతురు, ఆ తర్వాత కెమెరా

వెబ్‌క్యామ్ బొమ్మ మసకగా, గింజలు గింజలుగా ఉందంటే కెమెరా చెడ్డదని అనుకుంటాం. నూటికి తొంభై పాళ్లు వెలుతురు తక్కువ. కిటికీ మీ ముందు ఉండాలి, వెనక ఉండకూడదు. పగటిపూట కిటికీకి ఎదురుగా బల్ల వేసుకుంటే వేరే లైటు అక్కర్లేదు. మన ఎండ నేరుగా పడితే ముఖం సగం తెల్లగా మాడిపోతుంది, కిటికీకి పలుచటి తెల్ల పంచె కట్టండి. రాత్రిళ్లు నెత్తిమీది ట్యూబులైటు ఒక్కటే ఉంటే కళ్ల కింద గుంటలు పడతాయి. ఒక ఎల్‌ఈడీ బల్బును మీ ముందున్న తెల్ల గోడవైపు తిప్పితే, గోడమీద పడి తిరిగొచ్చే వెలుగు మెత్తగా ముఖం నిండా పరుచుకుంటుంది. రింగ్ లైటు కొనేముందు ఇది చేసి చూడండి. కళ్లద్దాలు ఉన్నవాళ్లకు రింగ్ లైటుతో అద్దాల్లో రెండు తెల్ల గుండ్రాలు కనిపించే తలనొప్పి ఎలాగూ ఉంటుంది.

ముఖం మీద, గోడమీద అడ్డంగా నల్లని చారలు నెమ్మదిగా పాకుతుంటే అది కరెంటు లెక్క. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల పాత ట్యూబులైట్లు, చౌక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అమెరికాలో 60 హెర్ట్జ్, కొన్ని వెబ్‌క్యామ్‌లు ఆ లెక్కకు అమర్చి వస్తాయి. ఓబీఎస్‌లో సోర్సెస్ కింద ప్లస్ గుర్తు నొక్కి వీడియో క్యాప్చర్ డివైస్ జోడించి, దాని ప్రాపర్టీస్‌లో కాన్ఫిగర్ వీడియో తెరవండి. పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ దగ్గర 50 హెర్ట్జ్ ఎంచుకోగానే చారలు ఆగిపోతాయి. ఆ పక్కనే లో లైట్ కాంపెన్సేషన్ అని ఉంటే దాన్ని తీసేయండి. అది వెలుతురు కోసం ఫ్రేములు తగ్గించి, చేయి కదిలిస్తే సాగదీసినట్టు చేస్తుంది.

అదే చోట ఎక్స్‌పోజరును, అంటే కెమెరా ఎంత వెలుతురు తీసుకోవాలన్నదాన్ని, ఆటో నుంచి తప్పించి చేత్తో పెట్టాలి. మీ వెనక నల్ల గొంగడి ఉంటే ఇది మరీ అవసరం. కెమెరా చీకటి ఎక్కువ చూసి మొత్తం బొమ్మను పైకి లేపుతుంది, ముఖం పౌడరు పూసినట్టు తెల్లబడుతుంది. నుదుటి మీద మెరుపు తగ్గి, చర్మం రంగు కనిపించేదాకా తగ్గించండి. వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఆటో నుంచి తీసేస్తే, తెరమీద నీలం స్లయిడు వచ్చినప్పుడల్లా ముఖం రంగు మారదు. నల్ల జుట్టు నల్ల గొంగడిలో కలిసిపోతుంటే వెనక పక్కగా ఒక చిన్న బల్బు పెడితే భుజాల అంచు విడిపడుతుంది.

సాధారణ వెబ్‌క్యామ్ యూఎస్‌బీ 2.0 మీద నడుస్తుంది. దాని సామర్థ్యం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. 1920×1080 బొమ్మను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపాలంటే దాదాపు 124 మెగాబైట్లు కావాలి. అందుకే వీడియో ఫార్మాట్ కుదించని రకమైన వైయూవై2లో ఉంటే బొమ్మ నత్తనడక నడుస్తుంది. రిజల్యూషన్‌ను కస్టమ్‌గా పెట్టి, ఫార్మాట్‌గా కుదించి పంపే ఎంజేపెగ్ ఎంచుకోండి. మూలన చిన్నగా కనిపించే ముఖానికి 1280×720 చాలు, కంప్యూటర్ మీద భారం తగ్గుతుంది.

వెబ్‌క్యామ్ కొనకముందు ఇంట్లోని ఫోను చూడండి. దాని వెనక కెమెరా చాలా వెబ్‌క్యామ్‌లను ఓడిస్తుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్ని ఫోన్లలో, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించగానే వెబ్‌క్యామ్‌గా వాడుకునే ఎంపిక కనిపిస్తుంది. లేని ఫోన్లకు డ్రాయిడ్‌క్యామ్, ఐరియన్ వంటి యాప్‌లు ఉన్నాయి. వైఫై మీద కాకుండా తీగ మీదే వాడండి. ఎండాకాలం ఫోను వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది కాబట్టి వెనక కవరు తీసేయండి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

కెమెరా కంటి ఎత్తున ఉండాలి. ల్యాప్‌టాప్ బల్లమీదే ఉంటే ముక్కు రంధ్రాలు, తల వెనక ఫ్యాను రెక్కలు కనిపిస్తాయి. కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, టైపు చేయడానికి విడి కీబోర్డు తగిలించుకోండి. బట్టల విషయంలో ఒక మాట: నారాయణపేట చీరల్లోని సన్నని గళ్లు, సన్న చారల చొక్కాలు కెమెరాలో గజిబిజిగా మిలమిలలాడతాయి. పెద్ద నమూనాలున్న పోచంపల్లి ఇక్కత్‌తో ఇబ్బంది తక్కువ. ఒకే రంగు బట్ట అన్నింటికంటే క్షేమం.

ఓబీఎస్‌లో ఆల్ట్ మీట నొక్కిపట్టి ముఖం పెట్టె అంచులను లోపలికి లాగితే పక్కల ఉన్న గోడ కత్తిరించుకుపోతుంది. తల, భుజాలు మిగిలితే చాలు. తెర వెడల్పులో ఐదో వంతు మించనివ్వకండి. ఏ మూల పెట్టాలన్నది పాఠాన్ని బట్టి ఉంటుంది: ఎక్సెల్ పాఠంలో పై మూలన పెడితే మెనూ కనబడదు, లెక్కల స్లయిడ్లలో అడుగున పెడితే జవాబు కనబడదు. స్లయిడ్లు తయారుచేసేటప్పుడే ఒక మూల ఖాళీ వదలడం అన్నింటికంటే సులువు.

తెర

సెట్టింగ్స్‌లో వీడియో కింద బేస్ రిజల్యూషన్ మీ తెర కొలత ఎంతో అంతే పెట్టండి. 1920×1080 తెర అయితే అవుట్‌పుట్ కూడా అదే. పాత 1366×768 ల్యాప్‌టాప్ అయితే అవుట్‌పుట్ 1280×720. సెకనుకు 30 ఫ్రేములు చాలు. విండోస్ డిస్‌ప్లే స్కేలింగును 125 లేదా 150 శాతానికి పెంచి, బ్రౌజరు, ఎక్సెల్ లోపల కూడా జూమ్ పెంచండి. మీ తెరమీద కాస్త మొరటుగా, పెద్దగా అనిపించిన అక్షరమే ఫోనులో చదవడానికి వీలుగా ఉంటుంది.

డిస్‌ప్లే క్యాప్చర్ తెరమీద ఉన్నదంతా పట్టేస్తుంది, విండో క్యాప్చర్ ఒక్క ప్రోగ్రామ్ విండోనే పట్టుకుంటుంది. దరఖాస్తుల వీడియోలు చేసేవాళ్లు రెండోదే వాడాలి. ఎవరిదో ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు సందేశం ఒక్క ఫ్రేములో మెరిసినా వీడియో ఆపి చూసేవాళ్లు ఉంటారు. వాట్సాప్ మూసేయండి, డు నాట్ డిస్టర్బ్ వేయండి. డిస్‌ప్లే క్యాప్చర్ పెడితే నల్లగా కనిపిస్తోందంటే, రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ తప్పు చిప్పు మీద నడుస్తోందన్నమాట. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓబీఎస్‌ను చేర్చి పవర్ సేవింగ్ ఎంచుకుంటే సరిపోతుంది.

అవుట్‌పుట్ విభాగంలో రికార్డింగ్ ఫార్మాట్‌గా ఎంకేవీ ఎంచుకోండి. మామూలు ఎంపీ4లో రికార్డు అవుతుండగా కరెంటు పోతే ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోతుంది. ఎంకేవీలో కరెంటు పోయిన క్షణందాకా చెప్పింది భద్రంగా ఉంటుంది. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో క్షణాల్లో ఎంపీ4గా మార్చుకోవచ్చు, నాణ్యత ఏమీ తగ్గదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ వాడేవారు ఈ పేరా మరోసారి చదవండి. ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) దగ్గర క్విక్‌సింక్, ఎన్‌వెంక్ వంటి హార్డ్‌వేర్ ఎంపిక కనిపిస్తే దాన్నే తీసుకోండి, ప్రాసెసర్‌కు ఊపిరి ఆడుతుంది. సెకనుకు 2500 కిలోబిట్ల లెక్కన నిమిషానికి సుమారు 19 మెగాబైట్లు, గంటకు 1.1 గిగాబైట్లు అవుతుంది. డిస్కులో దానికి రెండింతలు ఖాళీ ఉంచండి.

ఒక్క నిమిషం పరీక్ష

అసలు పాఠానికి ముందు ఒక నిమిషం రికార్డు చేయండి. మొదట కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి. పది సెకన్లు ఊరికే కూర్చోండి, గదిలో ఏ చప్పుళ్లు ఉన్నాయో అప్పుడే బయటపడతాయి. తర్వాత పాఠంలో కష్టమైన భాగం ఒకటి పూర్తి గొంతుతో చెప్పండి, నాలుగు మాటలు టైపు చేయండి, ఒక స్లయిడు మార్చండి.

ఆ ఫైలును ఫోనులోకి పంపి, చౌక ఇయర్‌ఫోన్‌తో ఒకసారి, ఫోను స్పీకరుతో వంటింటి చప్పుళ్ల మధ్య ఒకసారి వినండి. పిల్లలు వినేది అలాగే. కంప్యూటర్ స్పీకరులో బాగుందంటే బాగున్నట్టు కాదు.

పెదవుల కదలిక మాటకంటే వెనకబడినట్టు అనిపిస్తే చప్పట్లను వాడుకోవాలి. షాట్‌కట్ వంటి ఉచిత ఎడిటర్‌లో ఫైలు తెరిస్తే కింద శబ్దపు గీతలో చప్పట్లు ఒక ముల్లులా లేచి కనిపిస్తాయి. అరచేతులు కలిసిన ఫ్రేము ఆ ముల్లు తర్వాత ఎన్ని ఫ్రేములకు వచ్చిందో లెక్కపెట్టండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కోటి 33 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేముల తేడా అంటే 100. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైకు ఎదురుగా సింక్ ఆఫ్‌సెట్‌లో ఆ 100 వేస్తే మాట అంతసేపు ఆగి బొమ్మతో కలుస్తుంది. ఫోనును వెబ్‌క్యామ్‌గా వాడేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ ఉండొచ్చు, కెమెరా మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి.

అంతా కుదిరాక ఓబీఎస్‌లో సీన్ కలెక్షన్, ప్రొఫైల్ మెనూలు రెండింటిలోనూ ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో దాచండి. కంప్యూటర్ ఫార్మాట్ చేసినా, మరో మాస్టారు కంప్యూటర్‌లో పెట్టాల్సి వచ్చినా ఫిల్టర్లన్నీ మళ్లీ పెట్టుకునే పని తప్పుతుంది, మైకు, కెమెరా పేర్లు మాత్రం మళ్లీ ఎంచుకోవాలి. బల్లమీద మైకు స్టాండు కాళ్లు, నేలమీద కుర్చీ కాళ్లు ఉన్నచోట రంగు టేపు ముక్కలు అతికించండి. ఇంట్లో ఎవరైనా ఊడ్చి, తుడిచి, అన్నీ జరిపినా మర్నాడు రెండు నిమిషాల్లో అదే చోట కూర్చోవచ్చు.